పాత కాపీ తెరవడానికి రైట్ క్లిక్‌లో ఒక వరుస: నా అనుభవం

మాది తెనాలి. దస్తావేజులు రాయడం నా వృత్తి. మా నాన్నగారి కాలంలో చేత్తో రాసేవారు. ఆయనకి ఒక నియమం ఉండేది. రిజిస్ట్రేషన్ అయిపోయి పార్టీ ఇంటికి వెళ్ళేదాకా చిత్తు కాగితం చింపకూడదు. చిత్తులన్నీ ఒక ఇనప ఊచకి గుచ్చి ఉండేవి. పాతది కావాలంటే ఊచ మీంచి తీసి, చూసి, మళ్ళీ గుచ్చేవారు. చూసేటప్పుడు పొరపాటున కూడా దాని మీద పెన్ను పెట్టేవారు కాదు. కంప్యూటర్లో ఆ ఊచ ఎక్కడుందో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక, పెన్ను పెట్టకుండా దాన్ని చూడటం ఎలాగో తేలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల గోలే ఇది.

మా గదిలో రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు నేను, ఇంకోదాని ముందు మా పెదనాన్నగారి అబ్బాయి కూతురు. డిగ్రీ అయింది, గ్రూప్స్‌కి చదువుకుంటూ మధ్యాహ్నం నుంచి నా దగ్గర టైపు చేస్తుంది. చెయ్యి మహా వేగం. మొదట్లో అందరిలాగే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాళ్ళం. యూనికోడ్‌కి మారినప్పుడు వర్డ్ లాంటి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నాం. పెద్ద కారణమేమీ లేదు, డబ్బు కట్టక్కర్లేదు, అంతే.

మా పనిలో ఎవరూ దస్తావేజుని ఖాళీ పేజీ మీద మొదలుపెట్టరు. అలాంటిదే పాతది ఒకటి తెరిచి, పేర్లు మార్చి, ఆస్తి వివరం మార్చి, హద్దులు మార్చి, కొత్త పేరుతో సేవ్ చేస్తాం. ఆ చివరి మాట దగ్గరే ప్రమాదమంతా ఉంది. కొత్త పేరు ఇవ్వడం మర్చిపోయి కంట్రోల్ ఎస్ కొడితే పాతది పోయినట్టే.

అదే జరిగింది. ముగ్గురు అన్నదమ్ముల భాగ పరిష్కార దస్తావేజు, 14 పేజీలు. ఎ, బి, సి షెడ్యూళ్ళు. మొదటి ప్రింటు పెద్దాయన చేతిలో ఉంది కానీ, దాని మీద రెండు సాయంత్రాలు కూర్చుని బోలెడు దిద్దుబాట్లు చేశాం. ఉత్తరపు హద్దులో పంట బోదె ఎవరి వైపుకి వస్తుందన్న ఒక్క మాటకే గంటన్నర పట్టింది. ఆ దిద్దుబాట్ల ప్రింటు ఇంకా తీయలేదు. మర్నాడు ఉదయం రిజిస్ట్రేషన్ స్లాటు. ఆ సాయంత్రం అమ్మాయి ఆ ఫైలే తెరిచి, ఇంకొకరి భాగ పరిష్కారం తయారు చేయడానికి పేర్లన్నీ మార్చి, సి షెడ్యూలు మొత్తం తీసేసి, సేవ్ కొట్టి, మూసేసింది.

"బాబాయ్, ఆ అన్నదమ్ముల ఫైల్లో వీళ్ళ పేర్లొస్తున్నాయేంటి?" అంది.

ఫైలు మూయకుండా ఉండుంటే కంట్రోల్ జెడ్ నొక్కుకుంటూ వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళం. మూసేశాక ఆ దారి లేదు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఒకటుంది, దాన్ని మేమెప్పుడూ ఆన్ చేయలేదు. నాకు చెమటలు పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్ లోకి వెళ్ళి "ఎప్పుడూ బ్యాకప్ కాపీ తయారు చెయ్యి" అనే దగ్గర టిక్కు పెట్టానని. పెట్టి మర్చిపోయాను.

ఈ టిక్కు చేసే పని ఇది. మనం సేవ్ కొట్టిన ప్రతిసారీ, అంతకు ముందు డిస్కు మీద ఉన్న ఫైలుని వేరే చోట దాచి, ఆ తర్వాత కొత్తదాన్ని రాస్తుంది. దాచిన దానికి చివర్లో బీఏకే అని పెడుతుంది. అయితే దాచేది ఒక్కటే, చివరి సేవ్‌కి ముందుది. ఇంకోసారి సేవ్ కొడితే ఆ దాచిన దాని మీదే మళ్ళీ రాసేస్తుంది, అడగదు కూడా. అంటే అమ్మాయి పేర్లు మార్చాక ఒక్కసారే సేవ్ కొట్టి ఉంటే మేం బతికినట్టు. రెండుసార్లు కొట్టి ఉంటే బీఏకే ఫైల్లో కూడా వీళ్ళ పేర్లే ఉంటాయి.

"ఎన్నిసార్లు సేవ్ కొట్టావమ్మా?"

"ఒక్కసారే... అనుకుంటా బాబాయ్."

"ఇక ఆ కీబోర్డు ముట్టుకోకు."

ఆ ఫైలు ఎక్కడుందో వెతకడం ఒక యాత్ర. యాప్ డేటా అనే ఫోల్డరు మామూలుగా కనపడదు, దాచేసి ఉంటుంది. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొడితే నేరుగా రోమింగ్ ఫోల్డరులోకి తీసుకెళ్తుంది. అందులో లిబ్రే ఆఫీస్, దానిలో 4, దానిలో యూజర్, దానిలో బ్యాకప్. ఆ 4 ఏమిటో అనుకున్నాను. వెర్షను నంబరు. 2013లో వచ్చిన నాలుగో వెర్షను నాటి పేరు అలాగే ఉండిపోయింది. 2024 నుంచి వెర్షన్లకి ఏడాదిని బట్టి 24, 25 అని నంబర్లు పెడుతున్నా ఫోల్డరు మాత్రం 4 దగ్గరే ఉంది. మా సర్వే నంబర్ల లాగే, పొలం ఎన్ని ముక్కలైనా పాత నంబరు పోదు.

ఫోల్డరు నిండా తెల్ల కాగితం బొమ్మలు. తేదీ ప్రకారం వరస పెడితే మొదటిదే మాది. డబుల్ క్లిక్ చేస్తే "ఈ ఫైలుని దేనితో తెరవమంటారు?" అని విండోస్ ఎదురు ప్రశ్న. అమ్మాయి చటుక్కున నోట్‌ప్యాడ్ నొక్కింది. తెర నిండా పిచ్చి గీతలు. ఆమె మొహం పాలిపోయింది. నేను మాత్రం మొదటి లైను చూశాను. పీ, కే అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, కాస్త దూరంలో మైమ్‌టైప్ అని, దానికి అతుక్కుని ఓపెన్ డాక్యుమెంట్ టెక్స్ట్ అని. ఓడీటీ ఫైలంటే, అంటే లిబ్రే ఆఫీస్‌లో పత్రం సేవ్ చేస్తే వచ్చేది, నిజానికి చాలా ఫైళ్ళని కలిపి కట్టిన ఒక జిప్ మూట. పీకే అన్నది జిప్ పద్ధతిని తయారు చేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. లెక్కల షీటు అయితే ఆ చివర టెక్స్ట్‌కి బదులు స్ప్రెడ్‌షీట్ అని ఉంటుంది. అంటే మూట చెక్కుచెదరలేదు, పైన చీటీ మాత్రమే మారింది. నోట్‌ప్యాడ్‌ని సేవ్ చేయకుండా మూయించాను. అక్కడ పొరపాటున సేవ్ కొడితే ఉన్న ఒక్క కాపీ కూడా మట్టిలో కలిసేది.

కాపీని డెస్క్‌టాప్ మీదకి తెచ్చి పేరు మార్చాం, చివర ఓడీటీ అని పెట్టి. మళ్ళీ అదే ప్రశ్న, దేనితో తెరవాలి అని. ఐదు నిమిషాలు తల గోక్కున్నాక తెలిసింది. పేరు మార్చబోతే విండోస్ చివరి ముక్కని వదిలేసి ముందు పేరునే పట్టుకుంటుంది. మేం ఓడీటీ అని కొడితే అసలు పేరు "ఓడీటీ చుక్క బీఏకే" అయింది. చివరి బీఏకే కూడా తీసేశాక దారిలో పడింది. తెరిస్తే ముగ్గురు అన్నదమ్ములూ ఉన్నారు, సి షెడ్యూలు ఉంది, పంట బోదె కూడా ఉంది. అమ్మాయి నిజంగానే ఒక్కసారే కొట్టింది.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. అసలు నష్టం ఆ తర్వాతి వారం జరిగింది.

బ్యాకప్ ఫోల్డరు ఎక్కడుందో అమ్మాయికి తెలిసిపోయింది కదా. ఇంకో గిఫ్టు దస్తావేజులో అలాంటి పొరపాటే చేసి, నాకు చెప్పకుండా తనే సరిచేద్దామని, బీఏకే ఫైలుని "ఓపెన్ విత్" తో లిబ్రే ఆఫీస్‌లో తెరిచింది. పాతది బాగానే వచ్చింది. అందులోనే ఇంకా నాలుగు మార్పులు చేసి, కంట్రోల్ ఎస్ కొట్టి ఇంటికెళ్ళింది. సేవ్ ఎక్కడికి వెళ్ళింది? బీఏకే ఫైలులోకే. మర్నాడు పొద్దున నేను ఏమీ తెలియకుండా అసలు ఫైలు తెరిచి, తేదీ మార్చి, సేవ్ కొట్టాను. లిబ్రే ఆఫీస్ తన ధర్మం తను నెరవేర్చింది. నా సేవ్‌కి ముందున్న తప్పుల ఫైలుని అదే పేరుతో బీఏకేగా దాచింది. అమ్మాయి చేసిన పని మొత్తం దాని కింద పూడిపోయింది. ఇద్దరం ఏ తప్పూ చేయలేదు, ఫైలు మాత్రం పోయింది. ఆ రాత్రి మొదటి నుంచీ కొట్టాం.

అప్పుడు అర్థమైంది. బ్యాకప్‌ని తెరవడం ఎలా అన్నది కాదు మా సమస్య. దాన్ని తెరిచినవాళ్ళు దాని మీద రాయలేకుండా తెరవడం ఎలా? ఊచ మీంచి తీసిన కాగితానికి జిరాక్సు తీసి, ఆ జిరాక్సు మాత్రమే చేతికి ఇవ్వాలి.

ముందు ఒక అడ్డదారి తొక్కాను. బీఏకే ఫైళ్ళన్నీ ఎప్పుడూ లిబ్రే ఆఫీస్‌లోనే తెరుచుకోవాలని "ఆల్వేస్" అని పెట్టేశాను. మూడో రోజున మా లేఅవుట్ ప్లాన్లు గీసే కుర్రాడు పెన్‌డ్రైవ్ తెచ్చి, "అన్నా, నా డ్రాయింగు తెరిస్తే ఏవో పిచ్చి అక్షరాలొస్తున్నాయ్" అన్నాడు. ఆటోక్యాడ్ కూడా పాత డ్రాయింగుని బీఏకే అనే దాస్తుంది. ఆ పేరు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. డబుల్ క్లిక్ జోలికి పోకూడదని, రైట్ క్లిక్ మెనూలో విడిగా ఒక వరుస పెట్టుకుంటే ఎవరి దారి వాళ్ళదేనని తేలింది.

లిబ్రే ఆఫీస్‌ని మామూలుగా బొమ్మ నొక్కి తెరుస్తాం కానీ, దానికి ఆజ్ఞలిచ్చి కూడా తెరవచ్చు. ప్రోగ్రాము పేరు తర్వాత ఒక చిన్న గీత, ఎన్ అని పెట్టి ఫైలు పేరు ఇస్తే, ఆ ఫైలుని నమూనాగా తీసుకుని కొత్త పత్రం తెరుస్తుంది. లోపల ఉన్నదంతా వస్తుంది, పేరు మాత్రం "అన్‌టైటిల్డ్ 1". కంట్రోల్ ఎస్ కొడితే ఎక్కడ పెట్టాలి, ఏం పేరు అని అడుగుతుంది. బీఏకే ఫైలు ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. నాకు కావలసిన జిరాక్సు ఇదే. ఫైలు చివర బీఏకే అని ఉన్నా దానికి ఫర్వాలేదు, లోపలున్న సరుకు చూసి రైటర్ పత్రమో కాల్క్ లెక్కల షీటో తనే పోల్చుకుంటుంది.

మొదట తేలిక మార్గం పట్టాను. విండోస్, ఆర్ నొక్కి "షెల్, కోలన్, సెండ్‌టూ" అని కొడితే సెండ్ టూ ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులో లిబ్రే ఆఫీస్ షార్ట్‌కట్ ఒకటి పెట్టి, దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర గీత, ఎన్ చేర్చాను. ఫైలు మీద రైట్ క్లిక్, సెండ్ టూ, అందులో మన షార్ట్‌కట్. అంతే, పని చేసింది. విండోస్ తన అమరికలన్నీ రాసుకునే రిజిస్ట్రీ అంటే భయపడేవాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు, ఏ లోటూ లేదు. నేనూ ఆగిపోయేవాణ్ణే. కానీ ఆ సెండ్ టూ లో బ్లూటూత్, మెయిల్, డెస్క్‌టాప్, ఫ్యాక్స్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అమ్మాయి వేగానికి ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కేది. డెస్క్‌టాప్ నిండా షార్ట్‌కట్లు మొలిచాయి.

ఇక రిజిస్ట్రీ. పేరు చూసి మా శాఖదే అనుకున్నా మొదట్లో.

విండోస్, ఆర్, రెజ్ఎడిట్. ఎడమ పక్క చెట్టు లాంటి పట్టిక. దాంట్లో హెచ్‌కీ కరెంట్ యూజర్, దాని కింద సాఫ్ట్‌వేర్, దాని కింద క్లాసెస్. ఇక్కడ చేస్తే ఈ ఒక్క యూజరుకే వర్తిస్తుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు, మిషను మొత్తం పాడయ్యే భయం తక్కువ. మొదలుపెట్టే ముందు క్లాసెస్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాను. చిత్తు చింపని వంశం మరి. క్లాసెస్ కింద సిస్టమ్‌ఫైల్‌అసోసియేషన్స్ అని ఒక కీ (రిజిస్ట్రీలో ఫోల్డరు లాంటిది), దాని కింద చుక్క బీఏకే, దాని కింద షెల్, దాని కింద మన ఇష్టమొచ్చిన పేరుతో ఒకటి, దాని కింద కమాండ్. మామూలుగా ఫైలు రకానికి ఏదైనా ప్రోగ్రాము జత చేసి ఉంటే ఆ ప్రోగ్రాము కింద మెనూలు పెడతారు. సిస్టమ్‌ఫైల్‌అసోసియేషన్స్ కింద పెడితే ఏ ప్రోగ్రాము జతగా ఉన్నా, అసలేదీ లేకపోయినా మన వరుస కనపడుతుంది. అందుకే ఆ చోటు. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా కొట్టాలి.

మన పేరు పెట్టిన కీలో డిఫాల్ట్ అనే దాంట్లో ఏం రాస్తే అది మెనూలో కనిపిస్తుంది. కమాండ్ కీలో డిఫాల్ట్ దగ్గర ఆజ్ఞ రాయాలి. మొదటిసారి కమాండ్‌ని కీగా కాకుండా పక్కన ఒక విలువగా పెట్టాను. మెనూలో వరుస వచ్చింది, నొక్కితే ఈ ఫైలుకి ఏ ప్రోగ్రామూ జత చేసి లేదని తిట్టింది. కుడి పక్క పెట్టెలో రాయడం వేరు, ఎడమ పక్క చెట్టుకి కొమ్మ వేయడం వేరు. కమాండ్ కొమ్మ.

ఆజ్ఞలో మూడు ముక్కలు. సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, లిబ్రే ఆఫీస్, ప్రోగ్రామ్, ఎస్‌ఆఫీస్ ఈఎక్స్ఈ అనే దారి మొత్తం కొటేషన్లలో. తర్వాత ఖాళీ, గీత, ఎన్. తర్వాత ఖాళీ, మళ్ళీ కొటేషన్లలో "%1". ఆ %1 అంటే మనం రైట్ క్లిక్ చేసిన ఫైలు.

ఆ కొటేషన్లు నన్ను ఒక సాయంత్రం మొత్తం ఏడిపించాయి. మొదట %1 కి కొటేషన్లు పెట్టలేదు, అనవసరం అనుకున్నాను. పరీక్షకి ఒక్క మాట పేరున్న ఫైలు తీసుకుంటే బ్రహ్మాండంగా తెరుచుకుంది. అమ్మాయిని పిలిచి గొప్పగా చూపించాను. ఆమె తన ఫైలు మీద నొక్కింది, "గిఫ్ట్ డీడ్ చినరావూరు". గిఫ్ట్ అనే ఫైలు లేదు అని ఒక పెట్టె, మూస్తే డీడ్ అనే ఫైలు లేదు అని ఇంకోటి. పేరులో ఖాళీ వచ్చిన చోటల్లా ముక్కలు చేసి మూడు ఫైళ్ళనుకుంది. కొటేషన్లు పెడితే మూడు మాటలూ ఒక మూట.

సరే, జాగ్రత్తగా ఉండాలని ఆజ్ఞ మొత్తం ఒక పత్రంలో రాసి పెట్టుకుని అక్కడి నుంచి అతికించాను. ఇప్పుడు ఏదీ తెరుచుకోదు. కొటేషన్లు ఉన్నాయి, దారి సరిగ్గా ఉంది, గీత ఉంది. అరగంట తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని తెర దగ్గరగా చూస్తే, కొటేషన్లు వంకర తిరిగి ఉన్నాయి. నేను రాసి పెట్టుకున్నది లిబ్రే ఆఫీస్ రైటర్లో. అది అందంగా ఉండాలని నిటారు కొటేషన్లని తనంతట తనే వంకర కొటేషన్లుగా మార్చేసింది. రిజిస్ట్రీకి అందం అక్కర్లేదు. ఇలాంటివి రాసుకోవడానికి నోట్‌ప్యాడే మంచిది. మొన్న తిట్టుకున్న నోట్‌ప్యాడే.

మెనూలో మాట తెలుగులో ఉండాలని నా పట్టుదల. ముందు "ఓపెన్ బ్యాకప్ కాపీ" అని ఇంగ్లీషులో పెడితే, దాని పైన ఓపెన్ విత్, కింద ఇంకేదో ఓపెన్, అన్నీ ఒకేలా కనిపించాయి. తెలుగు వరుస ఒక్కటే ఉంటే కంటికి ఆనుతుంది. "పాత కాపీ చూడు" అని పెట్టాను. రిజిస్ట్రీ ఎడిటర్లో నేరుగా కొడితే ఏ ఇబ్బందీ రాలేదు, మెనూలో తెలుగు చక్కగా కనిపించింది. చిక్కు రెండో కంప్యూటరు దగ్గర వచ్చింది. మళ్ళీ ఈ కొమ్మలన్నీ వేసే ఓపిక లేక, ఇదంతా ఒక రెజ్ ఫైలుగా, అంటే డబుల్ క్లిక్‌తో రిజిస్ట్రీలోకి ఎక్కే ఫైలుగా, రాసుకున్నాను. అలాంటి ఫైల్లో నియమాలు వేరు. దారిలో ప్రతి వెనక్కి వాలిన గీతనీ రెండుసార్లు కొట్టాలి, లోపలి ప్రతి కొటేషను ముందూ అదే గీత పెట్టాలి. అదంతా సరిగ్గానే చేశాను. డబుల్ క్లిక్ చేస్తే ఎక్కింది. మెనూ తెరిస్తే "పాత కాపీ చూడు" ఉండాల్సిన చోట ఏవో ఫ్రెంచి అక్షరాలు, డిగ్రీ గుర్తులు. ఇప్పటి నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్ 8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలని దాచే పద్ధతి) సేవ్ చేస్తుంది, రిజిస్ట్రీ దాన్ని పాత ఇంగ్లీషు లెక్కలో చదువుతుంది. సేవ్ యాజ్ దగ్గర కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, దాన్ని యూటీఎఫ్ 16 ఎల్ఈ అని మారిస్తే తెలుగు తెలుగులాగే వచ్చింది. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మారేటప్పుడు పడ్డ పాట్లన్నీ ఒక్క క్షణం కళ్ళ ముందు తిరిగాయి.

అదే కీలో ఐకాన్ అనే విలువ ఒకటి చేర్చి ఎస్‌ఆఫీస్ దారి ఇచ్చాను, వరుస పక్కన బొమ్మ వచ్చింది. పొజిషన్ అని ఇంకోటి చేర్చి టాప్ అని రాస్తే మెనూలో పైకి వచ్చి కూర్చుంది. కొన్నాళ్ళు రెండో వరుస కూడా పెట్టాను, చదవడానికి మాత్రమే తెరిచేది. గీత ఎన్ బదులు రెండు గీతలు, వ్యూ. బాగానే ఉండేది కానీ, ప్రతిసారీ "రెంట్లో ఏది నొక్కను బాబాయ్?" అని అడిగేది. తీసేశాను.

నా కంప్యూటర్లో విండోస్ 11. అక్కడ రెజ్ ఫైలు ఎక్కించి రైట్ క్లిక్ చేస్తే మన వరుస లేదు. ఎక్కలేదేమోనని మూడుసార్లు ఎక్కించాను. విండోస్ 11లో రైట్ క్లిక్ మెనూ పొట్టిది, ఇలా రిజిస్ట్రీలో పెట్టుకున్న వరుసలన్నీ "షో మోర్ ఆప్షన్స్" అనే దాని వెనక ఉంటాయి. అది నొక్కితే పాత మెనూ వచ్చింది, అందులో మా వరుస పై నుంచి నవ్వుతూ కనిపించింది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా ఆ పాత మెనూనే వస్తుందని అమ్మాయి కనిపెట్టింది. నేనింకా రెండు నొక్కులే నొక్కుతున్నాను.

ఇదంతా అయ్యాక కానీ ఇంకో గొయ్యి కనపడలేదు. బ్యాకప్ ఫోల్డరు అన్నిటికీ ఒకటే. మేం ప్రతి పార్టీకీ ఒక ఫోల్డరు పెట్టి, లోపల ఫైలుకి "సేల్ డీడ్" అనే పేరే పెట్టేవాళ్ళం. అసలు ఫైళ్ళు వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నా, బ్యాకప్‌కి వచ్చేసరికి అన్నీ ఒకే పేరుతో ఒకే చోటుకి వచ్చి, ఒకదాని మీద ఒకటి రాసుకుంటున్నాయి. అంటే పది పార్టీల సేల్ డీడ్‌లకి కలిపి ఒక్క బీఏకే, అదీ ఆఖరున సేవ్ చేసినవాళ్ళది. ఇన్నాళ్ళూ మా అదృష్టం బాగుంది, అంతే. అప్పటి నుంచి ఫైలు పేరులోనే పార్టీ ఇంటిపేరు, ఊరు, తేదీ ఉండాలని గోడ మీద రాసి అంటించాను. పనిలో పనిగా ఆప్షన్స్‌లో పాత్స్ అనే చోట బ్యాకప్స్ ఫోల్డరుని డి డ్రైవుకి మార్చాను, యాప్ డేటా యాత్ర తప్పింది.

మా ఎదుటి గదిలో ఇంకో లేఖరి ఉన్నారు, ఆయన వర్డ్ వాడతారు. నా మెనూ చూసి తనకీ కావాలన్నారు. వర్డ్ పద్ధతి వేరు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, సేవ్ దగ్గర అలాంటి టిక్కే ఉంది కానీ, బ్యాకప్‌ని అసలు ఫైలు పక్కనే పెడుతుంది, ముందు "బ్యాకప్ ఆఫ్" అని చేర్చి, చివర డబ్ల్యూబీకే అని పెడుతుంది. పార్టీల ఫోల్డర్లు వేరైతే బ్యాకప్‌లూ వేరే ఉంటాయి, ఆ విషయంలో అదే నయం. డబుల్ క్లిక్ చేస్తే వర్డ్ తెరుస్తుంది కూడా. కంట్రోల్ ఎస్ ప్రమాదం మాత్రం అక్కడా అదే. ఆయనకి చుక్క డబ్ల్యూబీకే కింద ఇలాంటి కొమ్మలే వేసి, ఆజ్ఞలో విన్‌వర్డ్ దారి, స్లాష్ ఎఫ్, "%1" పెట్టాను. ఉన్న ఫైలుని ఆధారం చేసుకుని కొత్త పత్రం తెరవడమే ఆ స్లాష్ ఎఫ్ పని. "బ్యాకప్ ఆఫ్" లోనే రెండు ఖాళీలున్నాయి కాబట్టి కొటేషన్లు మర్చిపోయే ఛాన్సే లేదు, మొదటి నొక్కుకే తెలిసిపోతుంది. ఎక్సెల్‌లో ఈ టిక్కు ఒక్కో ఫైలుకి విడిగా, సేవ్ యాజ్ పెట్టెలో టూల్స్, జనరల్ ఆప్షన్స్ లో పెట్టాలి. ఆయనకి అంత అవసరం లేదన్నారు, చలానా లెక్కలు ఇప్పటికీ పుస్తకంలోనే.

తీసేయాలంటే కూడా సులువే. ఆ రెజ్ ఫైల్లోనే కీ పేరు ముందు, బ్రాకెట్ లోపల, ఒక మైనస్ గుర్తు పెట్టి ఎక్కిస్తే కొమ్మ మొత్తం పోతుంది. అలాంటిది ఒకటి కూడా చేసి "తీసేయి" అని పేరు పెట్టి పక్కన ఉంచాను. పొరపాటున అమ్మాయి ఒకసారి అదే నొక్కింది. మళ్ళీ మొదటిది నొక్కింది. రెండు సెకన్ల పని.

ఒక కొరత మిగిలిపోయింది. ఈ బీఏకే ఒక్క అడుగు వెనక్కే తీసుకెళ్తుంది. రెండుసార్లు సేవ్ కొట్టాక గుర్తొస్తే నా తెలుగు వరుస నొక్కినా చూపించేది తప్పుల కాపీనే. అందుకని రోజూ సాయంత్రం షట్టరు దించే ముందు డి డ్రైవులోని బ్యాకప్ ఫోల్డరుని ఆ రోజు తేదీ పేరుతో పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తున్నాం. అమ్మాయి పని అది. మొన్న ఒక రోజు తను రాలేదు, నేను మర్చిపోయాను. మర్నాడు వచ్చి పెన్‌డ్రైవు చూసి, "నిన్నటిది ఏది బాబాయ్?" అని అడిగింది.